పక్షవాతం తర్వాత చేయి ఎంత కోలుకుందో కొలవడానికి ఏది మేలు: ఫ్యూగల్-మేయరా, ఏఆర్‌ఏటీనా?

పక్షవాతం వచ్చినవారి ఇంటివాళ్లు ఫిజియోథెరపిస్టును ముందుగా అడిగేది "చేయి ఎంతవరకు వచ్చింది?" అనే. "కాస్త మెరుగు" అన్న జవాబుతో తర్వాతి నెల వ్యాయామాలను నిర్ణయించలేము కాబట్టి అంకె కావాలి. ఆ అంకె ఏ పరీక్షది అన్నది కూడా అంతే ముఖ్యం.

స్వీడన్‌లో రూపొంది 1975లో వెలువడిన ఫ్యూగల్-మేయర్ పరీక్ష కదలికనే చూస్తుంది. భుజం, మోచేయి, ముంజేయి కలిపి 36, మణికట్టుకు 10, వేళ్లకు 14, కదలికల పొందికకు, వేగానికి 6 చొప్పున మొత్తం 66 మార్కులు. మోచేయి వంచకుండా చేతిని ముందుకు భుజం ఎత్తుదాకా లేపమన్నప్పుడు, లేపబోగానే మోచేయి ముడుచుకుంటే సున్నా, కొంత లేచాక ముడుచుకుంటే ఒకటి, చివరిదాకా చాచి ఉంచగలిగితే రెండు. పరీక్ష విలువంతా ఈ చిన్న తేడాలోనే ఉంది. చాలామందిలో మొదట్లో భుజం లేపబోతే మోచేయి, ముంజేయి, వేళ్లు కట్టగట్టుకుని ముడుచుకుంటాయి. ఆ కట్టు వీడి ఒక్కో కీలు తనంతట తాను కదలడం మొదలైతే, చేయి ఇంకా ఏ పనికీ రాకపోయినా, కోలుకుంటోందని ఈ పరీక్ష చెప్పగలదు.

1981లో లైల్ ప్రచురించిన యాక్షన్ రీసెర్చ్ ఆర్మ్ టెస్ట్, అంటే ఏఆర్‌ఏటీ, పనిని చూస్తుంది. చెక్క దిమ్మెను ఎత్తి అర మీద పెట్టడం, ఒక గ్లాసులోని నీళ్లు మరో గ్లాసులోకి వంపడం, గోలీని రెండు వేళ్ల కొసలతో పట్టడం వంటి 19 పనులకు మూడేసి చొప్పున 57 మార్కులు. ప్రతి విభాగంలోనూ అన్నిటికంటే కష్టమైన పనిని ముందు చేయిస్తారు. అది చక్కగా చేస్తే ఆ విభాగం మార్కులన్నీ వచ్చేసినట్టే. త్వరగా అలసిపోయే రోగికి ఇది పెద్ద ఊరట.

అయితే 10 సెంటీమీటర్ల దిమ్మెను పట్టుకునే మనిషిని దగ్గరగా గమనించండి. అరచేయి పూర్తిగా తెరుచుకోక వేళ్లు అంచుల మీద జారుతుంటే, నడుము ముందుకు వంచి, భుజం ఎగదోసి, ఎలాగో అర మీదికి చేరుస్తాడు. పని పూర్తయింది కాబట్టి రెండు మార్కులు వస్తాయి. చేయి బాగుపడిందా, ఒళ్లు సర్దుకుందా అన్నది ఆ రెండు మార్కుల్లో కనిపించదు.

అందువల్ల వేళ్లు ఇంకా ఏదీ పట్టలేని తొలి వారాల్లో ఫ్యూగల్-మేయరే మేలని నా అభిప్రాయం. ఆ దశలో ఏఆర్‌ఏటీ మార్కులు సున్నా దగ్గరే ఆగిపోయి రోగిని కుంగదీస్తాయి. పట్టు వచ్చాక ఏఆర్‌ఏటీని జోడించాలి, కానీ మొదటిదాన్ని మానేయకూడదు, ఎందుకంటే రెండు అంకెలూ పక్కపక్కన ఉంటేనే ఒళ్లు సర్దుబాటు బయటపడుతుంది. దీర్ఘకాలిక రోగుల్లో ఏఆర్‌ఏటీలో సుమారు ఆరు మార్కుల పెరుగుదలను చెప్పుకోదగ్గ మార్పుగా తీసుకుంటారు.

కుడిచేత్తో అన్నం కలిపి ముద్ద చేసి నోటికి అందుకోవడాన్ని ఈ రెండూ నేరుగా కొలవవు. అది ఇంటివాళ్లనే అడిగి రాసుకోవాలి. పరీక్ష గదిలో దిమ్మెలు ఎత్తిన చేయి భోజనం వేళ ఒళ్లోనే పడి ఉంటోందని కొన్నిసార్లు అప్పుడే తెలుస్తుంది.