పెద్ద టీవీ కొంటున్నారా? డెలివరీ చలానా మీద సంతకం పెట్టే ముందు ఇది చదవండి

సంక్రాంతికని కొన్న 65 అంగుళాల టీవీ మా హాల్లో గోడకి ఆనించి, దుప్పటి కప్పి ఉంది. 68 వేలు పోసి కొన్నాం. ఒక్క రోజు కూడా అందులో బొమ్మ చూడలేదు. పాత 32 అంగుళాలదే మళ్ళీ స్టూలు ఎక్కింది.

మాది అంబాజీపేట దగ్గర ఊరు. కంటి ఆపరేషన్ అయినప్పటినుంచీ చిన్న తెర మీద క్రికెట్ స్కోరు కనపడటం లేదని నాన్నగారి గొడవ. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది కదా, ఆ ధైర్యంతో రాజమండ్రి వెళ్ళి పెద్ద షోరూంలోనే కొన్నాం. అమలాపురంలో అదే మోడల్ రెండు వేలు ఎక్కువ చెప్పారు మరి. ఆ రెండు వేల సంగతి మా ఆవిడ ఇప్పటికీ రోజుకోసారి గుర్తు చేస్తుంది.

మర్నాడు సాయంత్రం ట్రాలీ ఆటో వచ్చింది. రావులపాలెం, కొత్తపేట మీదుగా నాలుగైదు ఇళ్ళకి సామాను దింపుకుంటూ వచ్చారట. మా టీవీ పెట్టె అడుగున పడుకోబెట్టి ఉంది. దాని మీద ఎవరివో రెండు మిక్సీ పెట్టెలు, ఒక గ్యాస్ స్టవ్. మా ఊళ్ళోకి వచ్చే కాలువ గట్టు రోడ్డు గతుకులు ఇటువైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పెట్టెని నిలువుగానే ఉంచమని దాని మీద బాణాలు, పక్కన గాజు గ్లాసు బొమ్మ అంత పెద్దవి వేసి ఉన్నాయి. చూశాను, ఊరుకున్నాను. నాన్నగారే అడిగారు, "పడుకోబెట్టారేంటి బాబూ?" అని. "నిలబెడితే కొబ్బరి మట్టలు తగులుతాయండి. ఏం కాదండి, ఆయ్" అన్నాడు కుర్రాడు.

పెట్టెకి ఎక్కడా నొక్కు లేదు. చలానా మీద సంతకం పెట్టేశాను. "సరుకు మంచి స్థితిలో అందినది" అని దాని మీద ముందే అచ్చు వేసి ఉందని తర్వాత చూశాను. వెళ్తూ వెళ్తూ, "కంపెనీ మనిషి వచ్చేదాకా పెట్టె విప్పకండి, విప్పితే వారంటీ ఉండదు" అని చెప్పి మరీ వెళ్ళారు.

పండగ రద్దీలో ఆ మనిషి నాలుగో రోజు వచ్చాడు. అప్పటికి చెల్లీ బావగారూ, పిల్లలూ దిగిపోయారు. అందరూ వరసగా కూర్చున్నారు. గోడకి బిగించి స్విచ్ వేయగానే కంపెనీ ట్యూన్ హాయిగా వినిపించింది. బొమ్మ మాత్రం లేదు. కుడివైపు కింది మూలనుంచి సాలెగూడులా గీతలు, నడుమ సిరా ఒలికినట్టు నల్ల మచ్చ, పైనుంచి కిందికి ఒక ఆకుపచ్చ గీత. తెరని వేలితో తడిమితే మాత్రం నున్నగా ఉంది. "పైన ఏం కాలేదండి, లోపల గాజు పగిలింది" అన్నాడతను. ప్యానెల్ అంటే పల్చటి గాజు పలకలట. ఆనిక అంతా అంచుల్లోనే. పడుకోబెడితే మధ్యలో దిగుతుంది, పైన బరువు పెట్టి గతుకుల్లో తిప్పితే ఎక్కడో ఒకచోట చిట్లుతుంది. పెట్టెకి దెబ్బ తగలక్కర్లేదు.

ఫోటోలు తీసి, కాగితం మీద "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి వెళ్ళిపోయాడు. అక్కడితో కంపెనీ చేతులు దులుపుకుంది, ఎందుకంటే వారంటీ తయారీ లోపానికే గానీ పగుళ్ళకి కాదు. నాలుగు వేలు పెట్టి అదనపు వారంటీ కూడా తీసుకున్నాను. అందులోనూ చిన్న అక్షరాల్లో అదే మాట. షోరూం వాళ్ళు నా సంతకం చూపించారు. కొత్త ప్యానెల్‌కి 46,500 అన్నారు. ఆ డబ్బుకి ఇంకో టీవీయే వస్తుంది.

1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక షోరూం గొంతు కాస్త తగ్గింది. ప్యానెల్ ఖర్చులో సగం భరిస్తామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. షాపు రాజమండ్రిలో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. అయిదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. ఇబ్బందల్లా సాక్ష్యం. ఆటోలో పెట్టె పడుకుని ఉన్న ఫోటో ఒక్కటి తీసి ఉంటే నాకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

కాబట్టి కొనేటప్పుడే డెలివరీ, బిగింపు ఒకే రోజు చేయిస్తామని బిల్లు మీద రాయించుకోండి. కుదరదంటే వేరే షాపు చూసుకోండి, రెండు వేలు ఎక్కువైనా సరే. ఆటో ఆగగానే, సామాను దించకముందే ఫోన్‌తో వీడియో తీయండి. పెట్టె పడుకుని ఉంటే వెనక్కి పంపండి, మొహమాటం వద్దు. పెట్టె విప్పనివ్వకపోతే సంతకం పక్కన "విప్పి చూడలేదు" అని మీ చేత్తో రాసి, ఆ చలానాని ఫోటో తీసుకోండి.

మొన్న మా పక్కింటి పిన్నిగారికి 55 అంగుళాలది వచ్చింది. నేనే వెళ్ళి అరుగు మీద నిలబడ్డాను. ఇద్దరు పట్టి నిలువుగానే దించారు. ప్లగ్ పెట్టి చూపించాలంటే డ్రైవరు విసుక్కున్నాడు, ఇంకా మూడిళ్ళు ఉన్నాయన్నాడు. పిన్నిగారు టీ ఇచ్చి కూర్చోబెట్టారు. పావుగంట పట్టింది. తెర నాలుగు మూలలా తెల్లగా వెలిగాకే పెన్ను అందుకున్నారు.