ఇటుక రంగు గోడతో ఆరేళ్లు

శ్రీకాకుళంలో మా ఇంటి హాల్లో ఒక గోడకి ఇటుక రంగు వేయించి ఏడో ఏడు నడుస్తోంది. 2019 సంక్రాంతి ముందు వేయించాం. షేడ్ కార్డులో వేలు పెట్టి చూపించగానే పెయింటర్ "ఏటమ్మా, హాల్లోకి ఇంతెరుపా?" అన్నాడు. నాకు మాత్రం అది కొత్త రంగు కాదు. సీతంపేట వైపు సవర గిరిజనుల ఊళ్లలో ఎర్రమట్టి గోడల మీద బియ్యప్పిండితో వేసిన తెల్ల బొమ్మలు చిన్నప్పుడు చూశాను. మా అమ్మమ్మ కూడా పండగకి అరుగు ఆ మట్టితోనే అలికేది.

మిగతా మూడు గోడలూ క్రీమ్ రంగే. ఎరుపు ఒక్క పడమటి గోడకే, అంటే గుమ్మానికి ఎదురుగా. మాది తూర్పు ముఖం ఇల్లు. అరసవల్లిలో స్వామి పాదాలను సూర్యకిరణాలు తాకే మార్చి, అక్టోబరు నెలల్లో మా ఇంట్లోకీ ఎండ సూటిగా వచ్చి ఆ గోడ మీద పడుతుంది. ఆ అరగంట హాలంతా వెచ్చటి వెలుగు నిండుతుంది. ఇన్నేళ్లయినా కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడతాను.

రాత్రి సంగతి వేరు. తెల్లటి ట్యూబ్‌లైట్ కింద అదే గోడ బురద రంగులో కనిపించి మొదటి వారం చాలా దిగులుపడ్డాను. పసుపు ఛాయ వెలుగిచ్చే 3000 కెల్విన్ వార్మ్ బల్బులు పెట్టాక రంగు తేరుకుంది. ముదురు రంగు వెలుతురుని మింగేస్తుంది కాబట్టి ఒక లైటు అదనంగా కూడా పెట్టాల్సి వచ్చింది.

ఎరుపు రంగులు కింద ఉన్న తెలుపుని తొందరగా కప్పవు. రెండు కోట్లు వేసినా రోలర్ చారలు కనిపించాయి, మూడో కోటుకి గానీ నిండు రాలేదు. 140 చదరపు అడుగుల గోడకి నాలుగు లీటర్లు అయిపోయింది. ప్రైమర్‌లోనే కాస్త రంగు కలిపించి ఉంటే ఒక కోటు మిగిలేదని తర్వాత తెలిసింది.

అసలు కష్టం 2021లో వచ్చింది. సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. వాన జల్లు పడమటి వైపు నుంచే కొట్టింది. బయట ప్లాస్టరింగ్‌లో ఉన్న సన్న పగులులోంచి నీరు దిగి, పది రోజులకి లోపల ఉప్పు లేచింది. క్రీమ్ గోడ మీదైతే ఎవరూ చూడరు, ఎరుపు మీద తెల్లటి మచ్చలు వీధిలోకే కనిపించాయి. నేను తొందరపడి మిగిలిన పెయింట్ పైన పూయించాను. నెల తిరక్కుండా పెచ్చులు ఊడాయి. తర్వాత పద్ధతిగా చేశాం. బయట పగులు పూడ్చి, వాటర్‌ప్రూఫ్ కోటు వేసి, వేసవి దాకా గోడని ఆరనిచ్చి, అప్పుడు గీకి పుట్టీ పెట్టాం. ముదురు రంగులో అతుకు తెలిసిపోతుంది కాబట్టి ఆ మూల నుంచి ఈ మూల దాకా మొత్తం మళ్లీ వేయించాం. మన వైపు తుఫాన్లు మామూలే కాబట్టి, ముందుగా గోడ వెనక వైపు చూసుకోండి, తర్వాతే షేడ్ కార్డు తెరవండి.

ఆ రెండోసారి మెరుపు లేని మ్యాట్ పెయింట్ మానేసి కాస్త మెరుపున్న ఎమల్షన్ తీసుకున్నాం. మ్యాట్ మీద పిల్లల చేతి జిడ్డు తుడిస్తే, తుడిచిన చోటే నిగనిగలాడేది. ఇప్పుడు తడిగుడ్డతో పోతోంది.

ఈ గోడ ముందు పొందూరు ఖద్దరు కర్టెన్ల మీగడ రంగు, బుడితి ఇత్తడి బిందె మెరుపు ఎంత బాగుంటాయో చెప్పలేను. అత్తయ్య పాత బిందె అది, అటక మీద ఏళ్లపాటు పడి ఉండేది. పడకగదికి మాత్రం ఈ రంగు వద్దనే చెప్తాను. అక్కడ కిటికీ చిన్నది, పగలే చీకటిగా ఉంటుంది.

ఈ వేసవిలో క్రీమ్ గోడలకి మళ్లీ రంగు వేయిస్తున్నాం. ఎర్రగోడ అలాగే ఉంటుంది. దాని షేడ్ నంబరు స్విచ్‌బోర్డు మూత లోపల రాసిపెట్టాను.