ఉచిత సర్టిఫికెట్‌తో ఇంటి సర్వర్: నాలుగేళ్లు వాడాక

ఆదివారం పొద్దున ఏడింటికి తెనాలి నుంచి అమ్మ ఫోన్. "ఏరా, పాప ఫోటోలు చూద్దామని నొక్కితే ఎర్ర గుర్తేదో వస్తోంది, ఎవరో పాస్‌వర్డులు, కార్డు నంబర్లు కొట్టేస్తారని రాసుంది, నా బ్యాంకులో డబ్బులేమైనా పోతాయా?" ఏం పోవమ్మా, నువ్వింకేం నొక్కకుండా ఫోన్ పక్కన పెట్టు అని చెప్పి, మొహం కూడా కడుక్కోకుండా లాప్‌టాప్ తెరిచాను. మా ఇంటి సర్వర్ అసలుదేనని బ్రౌజర్‌కి రుజువు చూపే సర్టిఫికెట్ గడువు ముందు రోజు రాత్రే తీరిపోయింది.

సెటప్ ఏంటంటే, హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో చెప్పుల స్టాండ్ మీద, రౌటర్ పక్కన ఒక రాస్ప్‌బెర్రీ పై 4 (అరచేతిలో పట్టే కంప్యూటర్), దానికి ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ, లోపల ఫోటోలు, ఫైళ్లు దాచే నెక్స్ట్‌క్లౌడ్, దాని ముందు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్. సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చేది, దాన్ని తెచ్చి ఎప్పటికప్పుడు రెన్యూ చేసే పని సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామ్‌ది. ఈ చివరి రెండింటి గురించే ఈ సమీక్ష. నాలుగేళ్లలో మూడుసార్లు గడువు దాటిపోయింది, మూడుసార్లూ తప్పు ఆ రెండింటిలో ఒక్కదానిదీ కాదు. అదేంటో చెప్తాను, మీకూ ఇదే జరిగే అవకాశం బాగా ఉంది కాబట్టి.

ఆ ఆదివారం జరిగింది మూడోసారి. నా మొదటి అనుమానం టైమ్ మీద. పై 4లో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వస్తే ఇంటర్నెట్ నుంచి టైమ్ తెచ్చుకునేదాకా పాత తేదీలోనే ఉంటుంది. చూస్తే తేదీ, టైమ్ రెండూ సరిగ్గానే ఉన్నాయి. (పైగా బ్రౌజర్ గడువు చూసేది అమ్మ ఫోన్‌లోని తేదీతో, నా సర్వర్ తేదీతో కాదు. ఆ సంగతి అప్పుడు బుర్రకి తట్టలేదు.) సర్ట్‌బాట్‌ని సర్టిఫికెట్ల లిస్టు అడిగితే, వ్యాలిడ్, ఇంకా 59 రోజులు అంది. బ్రౌజర్‌లో చూస్తే నిన్నటితో సరి. ఫైలేదో పాడైందనుకుని బలవంతంగా రెన్యూ చేశాను. కొత్తది వచ్చింది, బ్రౌజర్‌లో అదే ఎరుపు. మళ్లీ చేశాను. అదే ఎరుపు. అదృష్టం కొద్దీ అక్కడ ఆగాను, ఎందుకంటే అవే పేర్లతో వారానికి ఐదు సర్టిఫికెట్లకి మించి ఇవ్వరు, టెన్షన్‌లో ఇంకో మూడుసార్లు కొట్టి ఉంటే ఆ తర్వాత నిజంగా అవసరం పడ్డా ఆగాల్సి వచ్చేది.

టీ తాగి కూర్చున్నాక ఆ 59 అంకె గుర్తొచ్చింది. సర్టిఫికెట్ 90 రోజులుంటుంది. ఇంకా 30 రోజులు మిగిలి ఉండగానే సర్ట్‌బాట్ కొత్తది తెస్తుంది. అంటే పాతదాని ఆయువు సరిగ్గా తీరే రోజుకి కొత్తదానికి దాదాపు 60 రోజులు మిగలాలి. అంటే రెన్యూ నెల కిందటే, చెప్పిన టైముకే, చక్కగా జరిగిపోయింది! ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్‌తో నేరుగా 443 పోర్టుకి (బ్రౌజర్ వచ్చే సురక్షిత దారి) కనెక్టయి, అక్కడ ఏ సర్టిఫికెట్ ఇస్తున్నారో చూస్తే పాతదే. డిస్కు మీద కొత్తది కూర్చుంది, ఇంజిన్‌ఎక్స్ మాత్రం ఎప్పుడో స్టార్టయినప్పుడు మెమరీలోకి ఎక్కించుకున్న పాతదాన్నే పంచుతోంది. నేను సర్ట్‌బాట్‌ని డీఎన్ఎస్ పద్ధతిలో (అదేంటో కింద చెప్తాను), సర్టిఫికెట్ మాత్రమే తెమ్మని పెట్టాను. అలా పెడితే ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేయడం సర్ట్‌బాట్ బాధ్యత కాదు, మనం చెప్పాలి. ఇంజిన్‌ఎక్స్ ప్లగిన్‌తోనే పెట్టి ఉంటే అదే చేసుకునేది.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచింది? ఇక్కడే నాకు నవ్వొచ్చింది. అంతకుముందు మా ఏరియాలో నెలకి రెండు మూడుసార్లైనా కరెంటు పోయేది, రాస్ప్‌బెర్రీ ఆగి మళ్లీ లేచేది, లేచినప్పుడల్లా ఇంజిన్‌ఎక్స్ కొత్త సర్టిఫికెట్ చదువుకునేది. ఆ వేసవిలో రౌటర్‌కీ రాస్ప్‌బెర్రీకీ కలిపి చిన్న యూపీఎస్ కొన్నాను. ఆ రోజుకి సర్వర్ ఆగకుండా నెల రోజులకి పైగా నడుస్తోంది, నేనేమో ఆ అంకె చూసుకుని మురిసిపోతున్నాను. ఇన్నాళ్లూ నా సర్టిఫికెట్‌ని కాపాడింది కరెంటు కోతలన్నమాట.

ఇంజిన్‌ఎక్స్‌కి ఒక్క రీలోడ్ కొట్టగానే అంతా మామూలైంది. తర్వాత సర్ట్‌బాట్ రెన్యూవల్ హుక్స్‌లో (రెన్యూ చేసినప్పుడు అది నడిపే స్క్రిప్టులు) డిప్లాయ్ అనే ఫోల్డర్‌లో, ఇంజిన్‌ఎక్స్‌ని రీలోడ్ చేసే రెండు లైన్ల స్క్రిప్టు పెట్టి, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చాను, అది ఇవ్వకపోతే స్క్రిప్టు ఉన్నా లేనట్టే. ఇంకో చిన్న గుంట ఉందిక్కడ: డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యూ) చేసి సక్సెస్ అని చూసి హాయిగా పడుకుంటాం, కానీ మామూలుగా డ్రై రన్‌లో డిప్లాయ్ హుక్ నడవదు. స్క్రిప్టుని చేత్తో ఒకసారి నడిపి చూసుకోండి.

ఎర్ర పేజీ దాటి "పర్లేదు, లోపలికి వెళ్దాం" అనే దారి కూడా లేదు అమ్మకి. నెక్స్ట్‌క్లౌడ్ సలహా ఇచ్చిందని హెచ్‌ఎస్‌టీఎస్ (ఈ సైటుకి సురక్షిత కనెక్షన్‌తోనే రావాలని బ్రౌజర్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి పెట్టాను, అది ఉంటే బ్రౌజర్ ఆ బటనే చూపించదు. దాన్ని తీసేయమని మాత్రం చెప్పను. ఆ పేజీ దాటడం అమ్మకి నేనే నేర్పితే, రేపు బ్యాంకు సైటు దగ్గర కూడా అలాగే దాటేస్తుంది.

మొదటి రెండుసార్లు జరిగింది క్లుప్తంగా. 2023లో ఒకరోజు మా ఇంటర్నెట్ వాళ్లు చెప్పాపెట్టకుండా మా కనెక్షన్‌ని సీజీనాట్ కిందికి తోసేశారు. అంటే బోలెడు ఇళ్లకి కలిపి బయట ఒకే పబ్లిక్ అడ్రస్. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరూ అందులోనే ఉన్నట్టు. బయటి నుంచి నా 80 పోర్టుకి (వెబ్‌కి మామూలు దారి) ఎవరూ రాలేరు, డొమైన్ నాదేనా అని చూసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పరీక్షకీ రాలేరు, లాగ్ నిండా టైమ్‌అవుట్లు. సర్ట్‌బాట్ పాపం రోజుకి రెండుసార్లు ప్రయత్నిస్తూనే ఉంది, నేనే లాగ్ చూడలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" దగ్గర మొదలై, నాలుగో కాల్‌కి స్టాటిక్ ఐపీ (మనకే ఉండే, మారని అడ్రస్) దగ్గర తేలింది. అదనంగా డబ్బు కట్టి తీసుకున్నాను. 443 తెరుచుకుంది, 80 మాత్రం వాళ్ల దగ్గరే బ్లాక్.

80 లేదు కాబట్టి డీఎన్ఎస్ (డొమైన్ పేరుకి అడ్రస్ చెప్పే వ్యవస్థ) పద్ధతికి మారాను. డొమైన్‌లో వాళ్లు చెప్పిన టెక్స్ట్ రికార్డు పెడితే, డొమైన్ మనదేనని నమ్మి సర్టిఫికెట్ ఇస్తారు, ఏ పోర్టూ అక్కర్లేదు. బద్ధకించి మొదట మాన్యువల్‌గా చేశాను, రికార్డు చేత్తో పేస్ట్ చేయడం. అది తనంతట తాను రెన్యూ కాదు, కాలేదు కూడా. మూడు నెలల తర్వాత సంక్రాంతి హడావిడిలో రెండోసారి గడువు దాటింది. దాంతో బుద్ధొచ్చి డీఎన్ఎస్ వాళ్ల ఏపీఐ టోకెన్ (ప్రోగ్రామ్ వాడుకునే తాళంచెవి లాంటిది) తీసుకుని, రికార్డు తనే పెట్టుకునే ప్లగిన్ పెట్టాను. టోకెన్‌కి ఆ ఒక్క డొమైన్‌లో రికార్డులు మార్చే అధికారం మాత్రమే ఇవ్వండి, ఎంతైనా చెప్పుల స్టాండ్ మీద ఉండే పెట్టె అది.

ఈ పద్ధతితో వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (డొమైన్ కింది సబ్‌డొమైన్లన్నింటికీ ఒకటే) కూడా వస్తుంది. దాని అసలు లాభం నాకు తర్వాత తెలిసింది. ప్రతి సర్టిఫికెట్ మీద పేరు పబ్లిక్ లాగ్‌లలోకి ఎక్కుతుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు; వైల్డ్‌కార్డ్‌లో మాత్రం సబ్‌డొమైన్ పేరు కనపడదు. నేను మొదట్లో పాప పేరుతో సబ్‌డొమైన్ పెట్టాను. సర్టిఫికెట్ వచ్చిన కాసేపటికే యాక్సెస్ లాగ్‌లో ఎక్కడెక్కడి బాట్లో తలుపు తట్టడం మొదలైంది, నేనింకా ఆ అడ్రస్ మా ఆవిడకి కూడా చెప్పలేదు.

"ముందే మెయిల్ వచ్చి ఉండాలే" అంటారేమో. గడువు దగ్గర పడుతోందని లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిళ్లు 2025 జూన్ 4తో ఆపేశారు, ముందే ప్రకటించి. అయినా నా మూడో కేసులో ఆ మెయిళ్లు ఉన్నా లాభం లేదు, వాళ్ల లెక్కలో రెన్యూ అయిపోయింది కదా. నా సొంత స్క్రిప్టొకటి రోజూ తేదీ చూసేది, కానీ చూసేది డిస్కు మీది ఫైల్‌ని. ఇంట్లో వాళ్లని "తలుపేశారా" అని అడగడానికీ, బయట నిలబడి తలుపు తోసి చూడటానికీ ఎంత తేడా ఉందో అంత తేడా. ఇప్పుడు మా బావమరిది ఇంట్లో పాత లాప్‌టాప్ మీద అప్‌టైమ్ కూమా పెట్టాను, అది బయటి నుంచి 443కి వచ్చి అక్కడ ఇస్తున్న సర్టిఫికెట్ చూసి, 21 రోజుల కంటే తక్కువ ఉంటే టెలిగ్రామ్‌లో మెసేజ్ పెడుతుంది.

డబ్బు పెట్టి ఏడాదికోసారి కొనుక్కుంటే ఈ గొడవ ఉండదు కదా అని ఆఫీసులో ఒకతను అన్నాడు. ఆ రోజులు అయిపోతున్నాయి. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ ఆయువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027లో 100, 2029 మార్చికి 47 రోజులు. కొన్నా, ఊరికే తెచ్చుకున్నా ఆటోమేషన్ చేసుకోక తప్పదు.

కాబట్టి నా మార్కులు: లెట్స్ ఎన్‌క్రిప్ట్‌కి ఐదుకి ఐదు, సర్ట్‌బాట్‌కి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే, డ్రై రన్ చివర "హుక్ నడపలేదు" అని కాస్త పెద్దగా అరిచి ఉంటే బాగుండేది. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇంజిన్‌ఎక్స్ మీద ప్రత్యేక ప్రేమ లేకపోతే క్యాడీ అనే వెబ్ సర్వర్ చూడండి, సర్టిఫికెట్ తెచ్చుకోవడం, మార్చుకోవడం అన్నీ అదే చూసుకుంటుంది. ఇంట్లో మీరొక్కరే వాడుకునే పనైతే వెబ్ పోర్టులేవీ తెరవకుండా వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటికి సొంత రహస్య దారి) పెట్టుకోండి, దానికి ఒక్క యూడీపీ పోర్టు చాలు. నాకా వీలు లేదు, అమ్మానాన్నలతో ఫోన్‌లో వీపీఎన్ ఆన్ చేయించడం నా వల్ల కాదు.

తేలనిది ఒకటే మిగిలింది, తెనాలిలో టీవీకి ఉన్న పాత ఆండ్రాయిడ్ బాక్స్. 7.1.1 కంటే పాత ఆండ్రాయిడ్‌కి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సొంత రూట్ (ఫోన్లు, టీవీలు ముందే నమ్మి ఉంచుకునే మూల సర్టిఫికెట్) తెలియదు, ఇన్నాళ్లూ వేరే సంస్థ పాత రూట్ ఊతంతో నెట్టుకొచ్చారు, 2024తో అదీ పోయింది. మన వైపు సర్టిఫికెట్ ఎంత తాజాగా ఉన్నా ఆ బాక్స్ ఒప్పుకోదు. కొత్తది కొంటానంటే నాన్న "బానే ఉందిగా, ఎందుకురా దండగ" అంటారు. పెద్ద తెర మీద పాపని చూడాలంటే ప్రతి పండక్కీ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్తున్నాను.