సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు స్మాల్ బేస్ డై తప్పనిసరా? చాలాకాలం వాడాక తేలిన సంగతి

పేలిన తూటా ఇత్తడి కేసును మళ్లీ నింపి వాడాలంటే, ముందు ప్రెస్‌లో డై అనే అచ్చులోకి నెట్టి సరైన కొలతకు నొక్కాలి. దాన్నే సైజు చేయడం అంటారు. కేసు మొత్తాన్ని నొక్కేది ఫుల్ లెంగ్త్ డై, అడుగుభాగాన్ని ఇంకాస్త నొక్కేది స్మాల్ బేస్ డై. .223 రెమింగ్టన్ తూటా కేసులను మామూలు ఫుల్ లెంగ్త్ డైతోనూ, స్మాల్ బేస్ డైతోనూ ఏళ్ల తరబడి సైజు చేసి చూశాక ఒక మాట గట్టిగా చెప్పొచ్చు. ఎక్కువ రైఫిళ్లకు మామూలు ఫుల్ లెంగ్త్ డై చాలు. తూటా చాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) ఇరుక్కుంటే చాలాసార్లు తప్పు డైలో ఉండదు, దాన్ని ప్రెస్‌లో బిగించిన తీరులో ఉంటుంది.

కేసు మెడను మాత్రమే నొక్కే నెక్ సైజింగ్ డై జోలికి మాత్రం అసలు పోవద్దు. బోల్ట్‌ను (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగాన్ని) చేత్తో నడిపే బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బిగువుగా ఉన్న కేసునైనా చేత్తో నొక్కి మూసేయొచ్చు. సెమీ ఆటోలో ఆ పని స్ప్రింగ్ ఒక్కటే చేయాలి. కేసు కాస్త లావుగా ఉన్నా బోల్ట్ పూర్తిగా లాక్ కాదు.

స్మాల్ బేస్ డై కేసు అడుగుభాగాన్ని సుమారు 0.001 అంగుళం అదనంగా నొక్కుతుంది. వేరే రైఫిళ్లలో పేలిన కేసులు ఏరి తెచ్చుకునేవారికి, చాంబర్ బాగా బిగుతుగా ఉన్నవారికి అది అవసరం. మిగతావారికి దానివల్ల ఒరిగేది ప్రెస్ హ్యాండిల్ మీద అదనపు బలం, ఇత్తడికి అదనపు శ్రమ.

ఇక బిగింపు. కేసును పట్టుకునే షెల్ హోల్డర్‌కు డై తగిలాక ఇంకో పావు చుట్టు తిప్పమని డైతో వచ్చే కాగితంలో ఉంటుంది. అది మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తుంది. అలాగే వదిలేస్తే భుజం (మెడ కింద కేసు వాలుగా వెడల్పయ్యే చోటు) అవసరానికి మించి వెనక్కి పోతుంది. పేలిన ప్రతిసారీ కేసు సాగి, అడుగుకు కొద్దిగా పైన మెరిసే గీత పడుతుంది. పేపర్ క్లిప్ కొనను వంచి కేసు లోపల గీకి చూడండి, పల్లం తగిలితే ఆ కేసు ఇక పారేయాల్సిందే. తర్వాతి పేలుడుకు అక్కడే రెండు ముక్కలు కావొచ్చు.

కాలిపర్‌కు కంపారేటర్ (భుజం దాకా పొడవు కొలిచే అమరిక) తగిలించి, పేలిన కేసు కంటే భుజం 0.003 నుంచి 0.004 అంగుళం వెనక ఉండేలా డై దింపండి. డై మరలు అంగుళానికి 14, అంటే ఐదు డిగ్రీలు తిప్పితే దాదాపు 0.001 అంగుళం. మార్కర్‌తో గీత పెట్టుకుంటే ఇది కంటికి తెలుస్తుంది. కేసును డైలోకి నెట్టే ర్యామ్‌ను పైకెత్తి, కేసు డైలో ఉండగానే డైని కదలకుండా పట్టే లాక్ రింగ్‌ను బిగించండి. ఇంకో జాగ్రత్త: పేలుడు గ్యాస్‌తో బోల్ట్‌ను నడిపే సెమీ ఆటో రైఫిల్, ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే కేసును లాగేస్తే అది చాంబర్ కొలత కంటే పొడుగ్గా సాగి ఉండొచ్చు. అందుకే ఒక్క కేసు కొలతను నమ్మకుండా నాలుగైదు కొలిచి, చివరి మాట కేసు గేజ్‌కు (కేసు చాంబర్‌లో సరిగ్గా పడుతుందో చూసే కొలత గొట్టానికి) వదిలేయండి.

డై లోపల ఉండి మెడను లోపలి నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బాల్ పైకొచ్చేటప్పుడు కీచుమంటే మెడ లోపల పొడిగా ఉందని అర్థం. ఆ లాగుడుకు భుజం మళ్లీ ముందుకు జరుగుతుంది, అంత కొలిచి పెట్టిన బిగింపూ వృథా అవుతుంది. బ్రష్‌తో మెడ లోపల కాస్త లూబ్ (జిడ్డు) రాస్తే చాలు. భుజం మీద ఎక్కువైతే సొట్టలు పడతాయి. కార్బైడ్ డై అయినా సరే, సీసా మెడ ఆకారంలోని రైఫిల్ కేసుకు లూబ్ తప్పదు.

మెడ బుల్లెట్‌ను (తూటా కొనన ఉండే గుండును) గట్టిగా పట్టుకుందో లేదో తేల్చుకోవడానికి పౌడర్, ప్రైమర్ లేని డమ్మీ తూటా ఒకటి చేయండి. దాన్ని మ్యాగజైన్ నుంచి ఎక్కించి, బోల్ట్‌ను పూర్తి వేగంతో మూసుకోనిచ్చి, తీసి మళ్లీ పొడవు కొలవండి. పొట్టిదైందంటే పట్టు చాలలేదు. అప్పుడు క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) పెంచే ముందు ఎక్స్‌పాండర్‌ను కొలవండి, బుల్లెట్ కంటే 0.002 నుంచి 0.003 అంగుళం సన్నగా ఉండాలి.

క్రింప్ చేయాలంటే మూతిని ఏటవాలుగా నొక్కే టేపర్ క్రింప్ మేలు. కేసులన్నీ 1.750 అంగుళాలకు సమానంగా కత్తిరించి ఉండకపోతే పొడుగు కేసుకు క్రింప్ ఎక్కువై భుజం ఉబ్బుతుంది. కంటికి కనపడని ఆ ఉబ్బు గేజ్‌లో ఆగిపోతుంది. తప్పు అక్కడుంటే స్మాల్ బేస్ డై కొన్నా తూటా ఇరుక్కుంటూనే ఉంటుంది.