కాపడమా, ఐసా, బామా? ముందు అది ఏ నొప్పో తేలాలి

మా ఫ్రిజ్ పై అరలో మావారి జెల్ ప్యాక్ ఉంటుంది. అత్తయ్య మంచం పక్కన ఎర్రటి రబ్బరు వేడినీళ్ల బ్యాగు. నా హ్యాండ్‌బ్యాగులో బామ్ డబ్బా. బెంగళూరు మారతహళ్లిలో రెండు బెడ్‌రూముల ఫ్లాటు, ముగ్గురు మనుషులం, మూడు మతాలు. ఒకరికి నొప్పి వచ్చిందంటే మిగతా ఇద్దరూ తమ వైద్యం పట్టుకుని వెంటపడతారు. ఐసు పెడితే నరాలు బిగుసుకుపోతాయని అత్తయ్య వాదన, కాపడం పెడితే వాపు పెరుగుతుందని మావారి వాదన.

మొన్న డిసెంబరులో ఆ వాదన సరదాగా ఉండకుండా పోయింది. అత్తయ్యకి చాలా ఏళ్లుగా షుగర్. ఒంగోలు నుంచి వచ్చినప్పటి నుంచీ రాత్రయితే అరికాళ్లు మంటలంటున్నారు. బెంగళూరు చలికి అలా అవుతోందనుకుని, బ్యాగులో సలసలా కాగిన నీళ్లు పోసుకుని, పాదాల కింద పెట్టుకుని పడుకున్నారు. తెల్లారి చూస్తే కుడి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. చర్మం అంత కాలినా ఆవిడకి మెలకువ రాలేదు. "హాయిగానే ఉందమ్మా, నిద్ర పట్టింది" అన్నారు.

డాక్టరు గారు కన్నడిగులు. "కాలు ఉరియుత్తా?" అని అడిగారు. ఉరి అన్న మాట వినపడగానే అత్తయ్య గాభరాగా నా వైపు చూశారు. కన్నడంలో ఉరి అంటే మంట అని చెప్పాక గానీ కుదుటపడలేదు. తర్వాత కళ్లు మూసుకోమని, గాలానికి కట్టే దారంలాంటి నైలాన్ పోగు ఒకటి తీసుకుని అరికాలికి అక్కడక్కడా ఆనించారు. సరిగ్గా పది గ్రాముల ఒత్తిడికి వంగేలా చేసిన పోగు అది. తగిలినప్పుడల్లా చెప్పాలి. మడమ దగ్గరికొచ్చేసరికి పోగు విల్లులా వంగింది. అత్తయ్య మాట్లాడలేదు. బొటనవేలి కింద వంగింది. మాట్లాడలేదు. కాసేపాగి, "ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నారు.

మంటేమో ఉంది, స్పర్శేమో లేదు! ఇదెలా కుదురుతుందో అర్థం కావాలంటే నొప్పి దారి చూడాలి.

దోసె పెనానికి వేలు తగిలిందనుకోండి. చర్మంలో నొప్పి కోసమే ఉన్న నరాల కొసలు ఆ వేడిని పసిగడతాయి. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకునే ప్రోటీన్ ద్వారాలు వాటిమీద ఉన్నాయి. డేవిడ్ జూలియస్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం 1997లో ఆ ద్వారాన్ని పట్టుకున్నది మిరపకాయ కారంతోనే. కారానికీ వేడికీ తెరుచుకునే తలుపు ఒకటే కాబట్టి గుంటూరు కారం నోట్లో పడితే నోరు కాలినట్టే ఉంటుంది. 2021లో ఆయనకూ ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి నోబెల్ వచ్చింది.

ఆ నరాల కొసల నుంచి కబురు రెండు రకాల నరాల తీగల మీద వెళుతుంది. ఏ-డెల్టా తీగల మీద సెకనుకు 5 నుంచి 30 మీటర్ల వేగం. పైపూత లేని సన్నటి సి తీగల మీద 2 మీటర్లు దాటదు. మంచం కోడుకి కాలివేలు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమని, ఒక్క క్షణం ఆగి సలపడం మొదలవుతుంది కదా, ఆ సందు ఇదే. రెండూ వెన్నుపాములో మజిలీ చేసి మెదడుకి వెళతాయి. పెనం మీంచి వేలు లాక్కోమన్న ఆజ్ఞ మాత్రం వెన్నుపాము నుంచే వచ్చేస్తుంది. మెదడుకి తెలిసేసరికి వేలు వెనక్కి వచ్చి ఉంటుంది.

ఇది ఆరోగ్యంగా ఉన్న నరం కథ. అత్తయ్యకి షుగర్ వల్ల దెబ్బతిన్నది నరమే. మా పాత ఇంట్లో కాలింగ్ బెల్ వైరు ఒరుసుకుపోయి, అర్ధరాత్రి దానంతటదే మోగేది. గుమ్మంలో ఎవరైనా నొక్కితే మాత్రం మోగేది కాదు. ఆవిడ పాదాలదీ అదే పరిస్థితి. మంట వేడి వల్ల కాదు, తీగ పాడవడం వల్ల. అసలు వేడి తగిలినప్పుడు కబురు పోవడం లేదు. కాబట్టి ఇక్కడ కాపడమా ఐసా అన్న ప్రశ్నే తప్పు. రెండూ వద్దు. కాపడం కాలుస్తుంది, ఐసు కూడా తెలియకుండానే చర్మాన్ని పాడుచేస్తుంది. నరాల నొప్పికి మామూలు నొప్పి మాత్రలూ పెద్దగా పనిచేయవు. ప్రిగాబాలిన్, డ్యులాక్సెటిన్‌ లాంటివి డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. వాటికంటే ముందు షుగర్ అదుపులో ఉండాలి.

మావారి సంగతి వేరు. షటిల్ కోర్టులో చీలమండ బెణికి, గంటలో గుమ్మడికాయలా ఉబ్బింది. ఇది దెబ్బ నొప్పి. దెబ్బతిన్న కండ ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలను వదులుతుంది. అవి చుట్టుపక్కల నరాల కొసల్ని చిర్రెత్తిస్తాయి, అందుకే వాచిన చోట దుప్పటి తగిలినా నొప్పే. ఇక్కడ మొదటి ఒకటి రెండు రోజులు ఐసే మేలు, కాపడం అప్పుడే వద్దు. గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు పెడితే నరం మీద కబురు నెమ్మదిస్తుంది. అయితే ఐసుతో తగ్గేది నొప్పి. గాయం తొందరగా మానుతుందన్నది మావారి నమ్మకం. ఐసు పెట్టమన్న సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ డాక్టరే, దాని వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత మాట మార్చుకున్నాడు. ఈ ముక్క చెబితే మావారు అలిగారు.

మాత్రల మాటకొస్తే, వాపు నొప్పికి డైక్లోఫెనాక్ లాంటివి ఆ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయి. పారాసెటమాల్ వాపు మీద అంత పనిచేయదు గానీ కడుపుకి నయం. పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటితే మాత్రం లివర్‌కి దెబ్బ. కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన డోలో 650 కూడా పారాసెటమాలే, దాని కంపెనీ మన బెంగళూరుదే. అత్తయ్యకి డైక్లోఫెనాక్ వద్దన్నారు, షుగర్ వల్ల కిడ్నీల మీద ఎలాగూ భారం ఉందని. మైసూరు రోడ్డులో రామనగర కొండల దగ్గర రాబందుల అభయారణ్యం ఉంది. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయింది ఈ డైక్లోఫెనాక్‌తోనే. పశువులకి వేసిన సూది మందు కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలు పోయాయి. 2006లో పశువులకి వాడకం నిషేధించారు.

ఇక నా మెడ. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో గంటన్నర, లాప్‌టాప్ ముందు తొమ్మిది గంటలు. సాయంత్రానికి పట్టేసి రాయిలా అవుతుంది. ఇక్కడ అత్తయ్య గెలిచారు. బిగుసుకున్న కండకి వేడి తగిలితే రక్తం ఆడుతుంది, పట్టు సడలుతుంది. నడుం నొప్పికి కాపడం కొన్నాళ్లు కొద్దిగా ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో కనిపించింది, ఐసుకి ఆ పాటి ఆధారమూ లేదు.

నా బామ్ గురించి కాస్త నిజాయితీగా చెప్పుకోవాలి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు అమృతాంజనం పెట్టిన నాటి నుంచీ తెలుగువాళ్లకి బామ్ మీద ఒక అభిమానం ఉంది, నాకూ ఉంది. అందులోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే ద్వారాన్ని తెరుస్తుంది. చర్మం నిజంగా చల్లబడదు, చల్లబడ్డట్టు మెదడుకి కబురు పోతుంది. మిగిలిన సగం పుణ్యం రుద్దడానిది. స్పర్శ కబుర్లు వెన్నుపాములో నొప్పి కబుర్లకి అడ్డుపడతాయని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోట పిల్లలు చెప్పకుండానే రుద్దుకుంటారు. బామ్ వల్ల నష్టం లేదు, నయమయ్యేదీ లేదు. ఎడమ భుజం, దవడ లాగుతూ చెమటలు పడితే మాత్రం బామ్ తీయకండి, అంబులెన్సుని పిలవండి. గుండె నొప్పి అక్కడ తెలుస్తుంది.

నా మెడకి మూడు నెలలు దాటింది. స్కానింగులో ఏమీ లేదు. ఏమీ లేదంటే నొప్పి అబద్ధమని కాదు. గాయం, నరం దెబ్బ కనపడకపోయినా నొప్పి యంత్రాంగమే అతిగా స్పందించడాన్ని మూడో రకంగా 2017 నుంచి గుర్తిస్తున్నారు. నాది అదో కాదో ఇంకా తేలలేదు. ఫిజియో చెప్పిన వ్యాయామాలతో కొంత తెరిపి వస్తోంది, ఏ డబ్బాతోనూ రాలేదు.

మెల్జాకే 1975లో నొప్పిని వర్ణించే 78 మాటలతో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మాట మారితే రకం మారుతుందని. మనకేం తక్కువ? సలుపు, పోటు, పీకు, మంట, తిమ్మిరి, లాగడం, జివ్వుమనడం. డాక్టరు దగ్గర ఇవన్నీ మింగేసి "పెయిన్" అని ఊరుకుంటాం. మొదటిసారి అత్తయ్య మంటలూ సూదులూ అని చెబితే నేను "లెగ్ పెయిన్" అని అనువదించాను. అప్పుడు రాసిచ్చింది మామూలు నొప్పి మాత్ర.

ఎర్ర బ్యాగు ఇప్పుడు నా మెడకి వచ్చింది. రాత్రి ఎనిమిదికి నీళ్లు పోసేది అత్తయ్యే, వేడి ఎంతుందో ముంజేతికి ఆనించుకుని చూసేది నేను. ఆవిడ సాక్సు వేసుకుని పడుకుంటున్నారు. పడుకునే ముందు మావారు టార్చ్ పట్టుకుని అరికాళ్లు చూస్తారు, ఎక్కడైనా గీరుకుందేమోనని.