టావోరా, ఏయూజీనా? ఎడమచేతివాటం బామ్మర్దికి ఒక బావ సలహా

"బావా, టావోర్ తీసుకోనా, ఏయూజీ తీసుకోనా?" గ్రీన్ కార్డు చేతికొచ్చాక మా బామ్మర్ది డాలస్ నుంచి ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండూ రైఫిళ్లే. ముందు ఇల్లు కొనుక్కోమనండి అని వాళ్లక్క వంటింట్లోంచే అరిచింది. వాడికి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నా. టెక్సాస్‌లో మనవాళ్లు ఈమధ్య షూటింగ్ రేంజ్‌లకు బాగానే వెళ్తున్నారు కదా, ఇంకొందరికైనా పనికొస్తుంది.

కడపోడు తుపాకుల మీద రివ్యూ రాస్తున్నాడంటే నవ్వుకునేవాళ్లుంటారని తెలుసు. సినిమావాళ్లు మా జిల్లాకు చేసిపెట్టిన ఉపకారం అది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. కొన్నేళ్లు డాలస్ దగ్గర ఉద్యోగం చేశా, అక్కడే ఒక క్లబ్‌లో చేరి టూ-గన్, త్రీ-గన్ మ్యాచ్‌లు (రెండు, మూడు రకాల తుపాకులతో టైమ్ పెట్టి కాల్చే పోటీలు) కాల్చా. అమ్మానాన్నలకు వయసు మీదపడ్డాక అన్నీ అమ్మేసి కడపకు వచ్చేశా. ఇప్పుడు మా మిద్దె మీద పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో సరిపెట్టుకుంటున్నా. అక్కడ నా దగ్గరున్నది స్టెయర్ కంపెనీ ఏయూజీ ఏ3 ఎం1. ఆఫీసులో ఒక తమిళ మిత్రుడి దగ్గర ఐడబ్ల్యూఐ కంపెనీ టావోర్ ఎక్స్95 ఉండేది. రేంజ్‌కు కలిసే వెళ్లేవాళ్లం, నాది వాడూ వాడిది నేనూ కాల్చేవాళ్లం.

ఇవి రెండూ బుల్‌పప్‌లు. అంటే తూటాలుండే మ్యాగజైన్, తూటాను లోపలికి తోసే బోల్టు ట్రిగ్గర్‌కు వెనకాల, మనం బుగ్గ ఆనించే చోటి కింద ఉంటాయి. దానివల్ల బ్యారెల్ కత్తిరించకుండానే తుపాకీ పొట్టిదవుతుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం మామూలు రైఫిల్‌కు బ్యారెల్ కనీసం 16 అంగుళాలు, మొత్తం పొడవు కనీసం 26 అంగుళాలు ఉండాలి. ఎక్స్95 బ్యారెల్ 16.5 అంగుళాలు, మొత్తం పొడవు 26 మీద ఒక పిసరు. చట్టం గీసిన గీత మీద కొలిచి పెట్టినట్టు చేశారు. ఏయూజీ 16 అంగుళాల బ్యారెల్‌తో 28 దాటుతుంది. అదే బ్యారెల్ ఉన్న ఏఆర్-15 (అమెరికాలో ఎక్కువగా కనిపించే, బుల్‌పప్ కాని రైఫిల్) అయితే స్టాక్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, పూర్తిగా లోపలికి తోసినా 32 అంగుళాల పైమాటే. కిటికీలు, అడ్డగోడలు, కారు డోర్లు పెట్టి ఆడించే మ్యాచ్ స్టేజ్‌లలో (అంచెల్లో) ఈ తేడా చేతికి తెలుస్తుంది.

రెండూ ఖాళీగా తూకం వేస్తే మూడున్నర కిలోల అటూ ఇటూ ఉంటాయి. కానీ బరువు భుజం దగ్గర ఉంటుంది కాబట్టి ముందు చేయి లాగదు. నిలబడి ఎక్కువసేపు గురిపెట్టాల్సి వచ్చినప్పుడు ఇది వరమే. వెంటవెంటనే రెండు మూడు రౌండ్లు (తూటాలు) కాల్చాల్సి వస్తే మాత్రం బ్యారెల్ మూతి తేలిగ్గా పైకి లేస్తుంది. చెవుల సంగతి కూడా ఇప్పుడే చెప్పేస్తా. తుపాకీ మూతి మనకు దగ్గర, బోల్టు మన బుగ్గ కిందే. కాబట్టి మోత మామూలు రైఫిల్ కన్నా గట్టిగా తగులుతుంది. ఇయర్ ప్లగ్ పెట్టుకుని దాని మీద చెవులు మూసే మఫ్ కూడా వేసుకోవాలి.

ఏయూజీ పాతకాపు. ఆస్ట్రియా సైన్యం దాన్ని 1977లో తీసుకుంది. ఇన్నేళ్ల తర్వాత చూసినా నిన్న గీసిన డిజైన్‌లాగే ఉంటుంది. మా వీధి పిల్లలకు మాత్రం ఏయూజీ అంటే పబ్జీ తుపాకీ. ఎక్స్95 ఇజ్రాయెల్‌ది. అమెరికా మార్కెట్లోకి పాత టావోర్ 2013లో వస్తే, ఎక్స్95 2016లో వచ్చింది. పాత టావోర్ మీద జనం చెప్పిన ఫిర్యాదులన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే సరిచేశారా అనిపిస్తుంది దీన్ని చూస్తే.

ఆ ఫిర్యాదుల్లో పెద్దది ట్రిగ్గర్. బుల్‌పప్ రోగం అంతా అక్కడే ఉంది. మనం నొక్కే ట్రిగ్గర్ ముందుంటుంది, తూటాను పేల్చే సుత్తి వెనకెక్కడో స్టాక్‌లో ఉంటుంది. మధ్యలో మ్యాగజైన్ పక్క నుంచి పొడవాటి కడ్డీలు పోయి ఆ సుత్తిని కదిలించాలి. కడ్డీ రాపిడి, కడ్డీ వంగుడు అన్నీ వేలికి తెలుస్తాయి. ఎక్స్95 ట్రిగ్గర్‌కు ఐదారు పౌండ్ల బరువని కంపెనీవాళ్లు చెబుతారు, అంటే రెండున్నర కిలోల అటూ ఇటూ. పాత టావోర్‌తో పోలిస్తే ఇది సగం. కాస్త వదులుగా వచ్చి, ఒక గోడ తగిలి, ఆ తర్వాత తెగుతుంది. ఎక్కడ తెగుతుందో రెండు మ్యాగజైన్లు కాల్చేలోపు వేలు నేర్చుకుంటుంది. ఏయూజీ ట్రిగ్గర్ ఇంకా బరువు. పైగా ఆ గోడ ఎక్కడుందో దొరకదు. లాగుతూ పోతే, లాగుతూ పోతే, ఎప్పుడో టప్పుమంటుంది. సుత్తి ఉండే ప్యాక్ దాదాపు మొత్తం ప్లాస్టిక్కే. చూస్తే బొమ్మలాగుంటుంది, కానీ నాకు ఒక్కసారి కూడా మొరాయించలేదు.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అలవాటున్నవాడికి ఇవి రెండూ శిక్షే. మ్యాచ్ ఎయిర్ రైఫిల్లో ట్రిగ్గర్‌ను యాభై, వంద గ్రాముల దగ్గర పెట్టుకుంటాం. అక్కడ కొట్టాల్సిన పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. మా బామ్మర్ది కాలేజీ రోజుల్లో ఎయిర్ రైఫిల్ కాల్చినవాడే కాబట్టి వాడికి ముందే చెప్పా: ట్రిగ్గర్ నాజూగ్గా ఉండాలంటే బుల్‌పప్ జోలికే పోవద్దు, ఒక మంచి ఏఆర్ కొనుక్కో. లేదు, బుల్‌పపే కావాలంటే ఎక్స్95. దానికి గైస్లీ కంపెనీ సూపర్ సబ్రా అని వేరే ట్రిగ్గర్ ప్యాక్ అమ్ముతుంది. ఉన్న ప్యాక్‌ను రెండు పిన్నులు తోసి బయటికి తీసి, ఇది పెట్టేస్తే అయిపోతుంది. ఖర్చు మాత్రం గట్టిగానే తగులుతుంది.

ఇక మ్యాగజైన్ మార్చడం. మ్యాచ్‌లో టైమ్ పోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతా. ఎక్స్95లో మ్యాగజైన్ వదిలే బటన్ ఏఆర్‌లో లాగే చూపుడువేలికి అందుతుంది. నొక్కితే ఖాళీ మ్యాగజైన్ దానంతటదే కింద పడుతుంది. కొత్తది లోపలికి తోసిన చేతి బొటనవేలు తిన్నగా పైకి పోతే అక్కడే బోల్టు వదిలే మీట ఉంటుంది. తోయడం, నొక్కడం ఒకే ఊపులో అయిపోతాయి. ఏయూజీలో మ్యాగజైన్ వదిలే మీట మ్యాగజైన్ వెనక ఉంటుంది. పాత మ్యాగజైన్‌ను చేత్తో పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే మీట నొక్కి లాగాలి. తర్వాత ఆ చెయ్యే బెల్టు దగ్గరికి పోయి కొత్తది తేవాలి. తిరగేసి చూసుకోకుండా చేయడం వస్తుంది, కానీ ఎక్స్95 అంత తొందరగా రాదు. నా మిత్రుడు నాకన్నా మంచి షూటరేం కాదు, అయినా మ్యాగజైన్ మార్చే స్టేజ్ ఉంటే నా ముందే ముగించేవాడు.

ఏయూజీ మ్యాగజైన్ల గురించి ఒక మంచి మాట కూడా ఉంది. అవి పారదర్శకంగా ఉంటాయి, లోపల ఎన్ని రౌండ్లున్నాయో ఒక్క చూపుకు తెలుస్తుంది. కింద పడేసినా, మీద కాలేసినా ఏం కావు. కానీ అవి ఏఆర్ లాంటి వేరే రైఫిళ్లకు పనికిరావు, ధరా ఎక్కువే. ఎక్స్95కి ఎక్కడబడితే అక్కడ దొరికే ఏఆర్ మ్యాగజైన్లు సరిపోతాయి. ఏయూజీలో కూడా ఏఆర్ మ్యాగజైన్లు పట్టే నాటో స్టాక్ ఒకటుంది. దానికొక మెలిక ఉంది, అది ఇప్పుడే చెబుతా.

మా వాడిది ఎడమచేతివాటం. అన్నం దగ్గర వాళ్ల నాయన ఎన్ని మొట్టికాయలు వేసినా పోలేదు. బుల్‌పప్‌ను ఎడమ భుజానికి పెట్టుకుంటే వేడి ఖాళీ తూటా సరిగ్గా మొహం ముందునుంచి ఎగురుతుంది, గ్యాస్ కూడా కంటి వైపే వస్తుంది. అందుకే ఎడమచేతివాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే, తుపాకీని ఎడమ వైపుకు మార్చుకోవచ్చా? రెండింటినీ మార్చుకోవచ్చు. ఎడమచేతి బోల్టు విడిగా కొని, తూటా బయటికొచ్చే కన్నం మూతను అటుది ఇటు మార్చాలి. కానీ ఏయూజీ నాటో స్టాక్ తీసుకుంటే ఈ వీలు లేదు, అది కుడిచేతి వాళ్లకే. ఏఆర్ మ్యాగజైన్ల చవకకు ఆశపడి ఎడమచేతివాడు ఆ స్టాక్ కొంటే ఇరుక్కున్నట్టే.

ఇంకో సంగతి షాపులో చెప్పరు. ఏయూజీలో బోల్టు లాగే పిడి ఎడమ పక్కనే ఉంటుంది, మారదు. కుడిచేతివాడికి ఖాళీగా ఉన్న ఎడమ చేయి దాని మీదికి సహజంగా పోతుంది. ఆ పిడిని వెనక్కి లాగి గాడిలోకి ఎత్తిపెట్టి, మ్యాగజైన్ పెట్టాక అరచేత్తో ఒక్కటిస్తే ఠప్పున ముందుకు పోతుంది. ఆ సరదా కోసమే ఏయూజీ కొనేవాళ్లున్నారు. ఎడమచేతివాడు మాత్రం కుడి చేతిని తుపాకీ మీదుగా అటు పంపాలి. ఎక్స్95లో ఆ పిడిని కుడి పక్కకు మార్చుకోవచ్చు, సేఫ్టీ మీటను కూడా. మా వాడి విషయంలో నా తీర్పు ఇక్కడే తేలిపోయింది.

మరి ఏయూజీని నేనెందుకు అన్నేళ్లు ఉంచుకున్నా? విప్పి తుడుచుకోవడం కోసం అంటే నమ్మరు. బోల్టు పిడిని గాడిలో పెట్టి, ఒక బటన్ నొక్కి, ముందున్న పిడి పట్టుకుని తిప్పితే బ్యారెల్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. స్టాక్ లాక్ పక్కకు తోస్తే మిగతాదంతా జారి బయటికొస్తుంది. పనిముట్టు అక్కర్లేదు. బ్యారెల్ విడిగా చేతిలో ఉంటే లోపల వెలుతురు పట్టి చూడొచ్చు, రెండు వైపుల నుంచీ తుడవొచ్చు. ఎక్స్95లో వెనక పిన్ను తోస్తే బట్ ప్యాడ్ కిందికి వాలుతుంది, బోల్టు మొత్తం వెనక్కి జారి వస్తుంది. అదీ సులువే, కాకపోతే బ్యారెల్ తీయాలంటే పనిముట్టు కావాలి. బోల్టును నడిపే గ్యాస్‌ను తగ్గించి పెంచుకునే ప్లగ్ ఏయూజీకి ఉంది, ఎక్స్95కి లేదు.

గురి సంగతి కొస్తే, మామూలు మందుగుండుతో వంద గజాల దగ్గర రెండూ రెండంగుళాల గుంపు (గుళ్లన్నీ ఆ వెడల్పులోనే పడటం) వేశాయి నా చేతిలో. దానికన్నా మెరుగ్గా ఎక్స్95కి ఒక అవకాశముంది. గుండును గిరగిరా తిప్పే గాడి దాని బ్యారెల్ లోపల ఏడంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, ఏయూజీది తొమ్మిదంగుళాలకు. గాడి చుట్టు బిగుతుగా ఉంటే 77 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) లాంటి పొడవాటి బరువు గుళ్లు కూడా తిన్నగా పోతాయి. మూడొందల గజాల టార్గెట్లుండే మ్యాచ్‌లకు అవి కావాలి. ఏయూజీకి 55, 62 గ్రెయిన్లవే పెట్టుకోవడం మేలు. ధర అడిగితే రెండూ రెండు వేల డాలర్ల అటూ ఇటూ, అందులో తేల్చుకోవడానికేం లేదు.

ఇక్కడివాళ్లు ఆశపడొద్దు. మన దేశంలో మామూలు పౌరులకు ఇవి దొరకవు. టావోర్లు మన బలగాల చేతుల్లో ఉన్నాయి. 2017 నుంచి గ్వాలియర్ దగ్గర మాలన్‌పూర్‌లో తయారీ ప్లాంటే ఉంది. మా వీధి చివర సీఆర్‌పీఎఫ్‌లో చేసి రిటైరైన మామ ఒకాయనున్నాడు. చాలాకాలం ఇన్సాస్ రైఫిల్ మోసి, చివర్లో ఎక్స్95 పట్టాడు. ఎట్లుంది మామా అని అడిగితే, "వ్యాన్ దిగేటప్పుడు, చెట్ల మధ్యన బాగుంటుందబ్బీ. పడుకోని మ్యాగజైన్ మార్చాలంటే సంక కింద తడుముకోవాల" అన్నాడు. నేను రెండు పేరాల్లో రాసిందాన్ని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఇక్కడ సరదా తీర్చుకోవాలంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది. శక్తి 20 జౌళ్ల లోపుంటే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మిద్దె మీద మే నెల ఎండలో లోహం పట్టుకోలేం గానీ, పొద్దున్నే ఏడు లోపల హాయిగా కాల్చుకోవచ్చు.

అమెరికాలో కూడా రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటిచోట్ల ఇలాంటి రైఫిళ్ల మీద గట్టి ఆంక్షలున్నాయి, మ్యాగజైన్‌లో పది రౌండ్లే అనే పరిమితి కూడా. ఉద్యోగం మారి ఊరు మారేవాళ్లు కొనేముందే ఇది చూసుకోవాలి. టెక్సాస్‌లో ఆ గొడవ లేదు. కానీ పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అక్కడ అది నేరం. మా వాడింట్లో మూడేళ్ల బుడ్డోడున్నాడు. కాబట్టి ముందు గోడకు బిగించిన సేఫ్ కొని ఫొటో పంపాలని వాళ్లక్క షరతు పెట్టింది. నాది ఇంకోటి: ఎక్స్95 ఎడమచేతి బోల్టు షాపులో దొరుకుతుందో లేదో కనుక్కున్నాకే రైఫిల్‌కు డబ్బు కట్టమన్నా. అది లేకుండా రైఫిల్ ఇంటికి తెచ్చుకున్నా సేఫ్‌లో పెట్టి చూసుకోవడానికే.