పాత కౌబాయ్ పాటలా, సినిమా కాలపు వెస్టర్న్ పాటలా: క్వయర్‌కు ఏవి మేలు?

టెక్సస్‌లోనూ చుట్టుపక్కల రాష్ట్రాల్లోనూ స్థానిక క్వయర్లలో, అంటే బృందగాన సంఘాల్లో, పాడుతున్న తెలుగువాళ్ళు ఈ మధ్య ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. వసంతకాలపు కచేరీలో కౌబాయ్ పాటలు పెట్టుకోవాలనుకుంటే, పశువుల మందలను రైలు స్టేషన్ల దాకా తోలుకుపోయిన కాలం నాటి పాత పాటలు మేలా, లేక 1930లు, 40లలో రేడియో కోసం, సినిమాల కోసం రాసిన వెస్టర్న్ పాటలు మేలా? మా ఊరి క్వయర్‌లో పాటలు ఎంచే పనిలో నేనూ ఉన్నాను, ఇటీవలే మేమూ దీన్ని తేల్చుకోవలసి వచ్చింది. నేను మాట్లాడేది స్వరపరీక్ష లేకుండా ఎవరొచ్చినా చేర్చుకునే క్వయర్ల గురించి. అంటే ఆడవాళ్ళలో పై గొంతులైన సొప్రానోలు, కింది గొంతులైన ఆల్టోలు నిండుగా ఉండి, మగవాళ్ళలో పై గొంతులైన టెనర్లు కరువై, చాలామంది నొటేషన్ చూసి కాక విని నేర్చుకునే బృందాల గురించి.

చాలామంది ముందుగా చూసేది శ్రోతలకు పాట తెలుసా లేదా అన్నదే. అది అవసరమే గాని, పాట నిలబడేది దాని మీద కాదని నా అభిప్రాయం. కౌబాయ్ పాట ప్రధానంగా ఒంటరి మనిషి పాట. ‘నేను’ అంటూ సాగే కథ. ఆ కథను నలభై మంది మొదటి నుంచి చివరి దాకా కలిసి పాడితే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఎవరికి ఏం జరిగిందో వినేవాళ్ళకు అందదు. అందుకే నేను ముందు చూసేది బృందం అందుకోవడానికి పాటలో పల్లవి ఉందా లేదా అని. బుర్రకథలో కథకుడు కథ నడుపుతుంటే వంతలు సరైన చోట అందుకున్నట్టు, చరణం ఒక గొంతుకూ పల్లవి అందరికీ పంచగలిగిన పాటే క్వయర్‌లో పండుతుంది. ఈ పంపకం మనం తెచ్చిపెట్టేదేమీ కాదు. రాత్రి కాపలాలో ఇద్దరు రౌతులు మంద చుట్టూ ఎదురెదురు దిశల్లో తిరుగుతూ, పశువులు బెదరకుండా పాడేవాళ్ళనీ, ఒకడు ఒక చరణం పాడితే అవతలివాడు మరో చరణం అందుకునేవాడనీ ఆ పని చేసినవాళ్ళే రాసి ఉంచారు.

ఈ లెక్కన నా మొదటి ఓటు ‘హోమ్ ఆన్ ద రేంజ్’కే. 1870ల తొలి ఏళ్ళలో కాన్సస్‌లోని స్మిత్ కౌంటీలో బ్రూస్టర్ హిగ్లీ అనే వైద్యుడు రాసిన కవితకు డేనియల్ కెల్లీ బాణీ కట్టాడు. పశువుల మందల వెంట వంటవాడిగా తిరిగి, తర్వాత శాన్ ఆంటోనియోలో మద్యం దుకాణం నడిపిన ఒక నల్లజాతీయుడి నోట జానపద గేయాల సేకర్త జాన్ లోమాక్స్ ఈ పాట విని, 1910లో అచ్చువేసిన తన సంకలనంలో చేర్చాడు. బాణీ మొత్తం మంద్ర పంచమం నుంచి మధ్యస్థాయి పంచమం దాకా ఒక్క స్థాయిలో ఇమిడిపోతుంది కనుక, శ్రుతి ఎఫ్‌లో పెట్టుకుంటే ఎవరూ గొంతు చించుకోనక్కరలేదు. పల్లవి మొదటి మాట ‘హోమ్’ పై పంచమం మీద, నిండైన ఓకారంతో, పొడుగ్గా నిలుస్తుంది. సొప్రానోలు ఆ పంచమాన్ని పట్టుకుంటే ఆల్టోలకు గాంధారం, మగవాళ్ళకు షడ్జమం చాలు. నొటేషన్ రానివాళ్ళు కూడా ఒక్క సాధనలోనే నేర్చుకోగలరు.

ఈ పాట చరణాల్లో ఒకటి మాత్రం తీరిగ్గా ఆలోచించవలసినది. మూలవాసులను ఆ ప్రాంతం నుంచి నెట్టివేశారనీ, వాళ్ళ నెగళ్ళు రెడ్ నది ఒడ్డున ఇక దాదాపు కనిపించవనీ అది చెబుతుంది. కాన్సస్‌కు ఆ పేరు రావడానికి కారణమైన కాన్సా తెగను ఇండియన్ టెరిటరీకి (నేటి ఓక్లహోమాకు) తరలించింది 1873లోనే. చాలా క్వయర్లు ఈ చరణాన్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తాయి. వదిలేయడం కన్నా ఒక్క గొంతుతో పాడించి, దాని వెనుక మాత్రం పల్లవి అందుకోకుండా పియానోకే ఆ చోటు విడిచిపెట్టడం న్యాయమని నేను నమ్ముతాను.

‘రెడ్ రివర్ వ్యాలీ’ కూడా ఒక్క స్థాయిలో ఇమిడే పాటే. చరణానికీ పల్లవికీ బాణీ ఒకటే కావడం వల్ల ఇంకా సులువు. అయితే అదే కారణంగా మూడో చరణానికల్లా విసుగు పుట్టే ప్రమాదం ఉంది కనుక ఒక చరణాన్ని మగవాళ్ళకు వదిలేయాలి. ‘ద ఓల్డ్ చిజమ్ ట్రయల్’ పిల్లలు కలిసే క్వయర్‌కు ఎంతో బాగుంటుంది. ‘స్ట్రీట్స్ ఆఫ్ లరేడో’ విషయం వేరు. ఐర్లండ్, బ్రిటన్‌ల పాత కథాగేయం నుంచి పుట్టిన ఆ పాటలో చనిపోతున్న కుర్రవాడు తన అంతిమయాత్ర ఎలా జరగాలో చెబుతాడు, ప్రత్యేకంగా పల్లవి అంటూ లేదు. కానీ డప్పు మెల్లగా కొట్టండి, పిల్లనగ్రోవి సన్నగా వాయించండి అనే చరణాన్నే మధ్యమధ్య బృందానికి ఇచ్చి, మిగతా కథను ఒక బారిటోన్‌కు, అంటే నడిమి స్థాయి మగ గొంతుకు, అప్పగిస్తే దుఃఖం చెక్కుచెదరదు.

ఇక సినిమా కాలపు పాటలు. వీటి బలం తక్కువదేమీ కాదు: బాణీల్లో కౌశలం ఉంది, పెద్దవయసు శ్రోతలు మొదటి చరణానికే పెదవులు కదుపుతారు. చిక్కల్లా వాటి నిర్మాణంలో ఉంది. బాబ్ నోలన్ రాయగా సన్స్ ఆఫ్ ద పయనీర్స్ అనే గాయక బృందం 1934లో రికార్డు చేసిన ‘టంబ్లింగ్ టంబుల్‌వీడ్స్’ మూడు మగ గొంతులు ఒకదానికొకటి దగ్గరగా అంటుకుని పాడడం కోసం అమర్చిన పాట. ఒక్కో గొంతు స్థానంలో పదేసి మంది నిలబడి, అందులో టెనర్లు తక్కువైతే, ఆ నాజూకు చిక్కబడి బరువెక్కుతుంది. కోల్ పోర్టర్ బాణీ కట్టిన ‘డోంట్ ఫెన్స్ మి ఇన్’ మాటల వేగం మీద నడిచే పాట, స్పష్టమైన ఉచ్చారణ అలవాటున్న క్వయర్‌కే పెట్టాలి. ఈ వర్గంలో నేను మనసారా సిఫారసు చేసేది నోలన్‌దే అయిన ‘కూల్ వాటర్’. దాహంతో ఎడారి దాటుతున్న మనిషి ఒక మాట అంటే వెనుక గొంతులు ‘వాటర్’ అని ప్రతిధ్వనిస్తాయి. వంతకు చోటు పాటలోనే ఉంది.

‘ఘోస్ట్ రైడర్స్ ఇన్ ద స్కై’ మంచి బాస్‌లు, అంటే మగవాళ్ళలో అన్నిటికన్నా కింది గొంతులు, ఉంటే సరే. ‘డీప్ ఇన్ ద హార్ట్ ఆఫ్ టెక్సస్’ చప్పట్ల కోసం, ‘హ్యాపీ ట్రయల్స్’ వీడ్కోలు కోసం పనికొస్తాయి, అంతకుమించి వాటి గురించి ఆలోచించనక్కరలేదు.

ఖర్చు దగ్గర కూడా పాత పాటలదే పైచేయి. అమెరికాలో ఆ కాలపు ప్రచురణలకు కాపీరైట్ 95 ఏళ్ళు కనుక, పునరుద్ధరణ జరిగి ఉంటే 1934 నాటి పాట 2029 చివరి దాకా రక్షణలో ఉంటుంది. ప్రతి గాయకుడికీ ఒక అచ్చు ప్రతి కొనాలి, ప్రదర్శనకు అనుమతి చూసుకోవాలి. పాత బాణీలకు ఆ బెడద లేదు, అయితే వాటికి ఇటీవలివాళ్ళు చేసిన అమరికకు (అరేంజ్‌మెంట్‌కు) మాత్రం విడిగా హక్కు ఉంటుందని మరువకూడదు. మీ బృందంలో నాలుగు గొంతులకు స్వరాలు రాయగలిగినవాళ్ళు ఒక్కరున్నా, లోమాక్స్ సంకలనం ముందు పెట్టుకుని ‘హోమ్ ఆన్ ద రేంజ్’ పల్లవితోనే మొదలుపెట్టమనండి.